పన్ను పావతి చూపిస్తే ఇల్లు పక్కా అయినట్టేనా?

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఇళ్ల నక్షాలు గీసి, కార్పొరేషన్‌లో మంజూరు చేయించే పని నాది. వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లే ఎక్కువ. బల్లార్‌పూర్, రాజురా నుంచి కూడా వస్తారు. కూర్చోగానే ప్లాస్టిక్ కవర్లోంచి ఒకటే కాగితం తీసి టేబుల్ మీద పెడతారు. ఘర్ టాక్స్ పావతి, అంటే ఇంటి పన్ను రసీదు. "ఇరవై ఏండ్ల సంది కడుతున్నం సార్, ఒక్క ఏడు బాకీ లేదు. ఇల్లు పక్కానే కదా?"

కాదు, పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు చట్టబద్ధం అయిపోదు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ఇదే ప్రశ్న వస్తోంది కాబట్టి రాసి పెడుతున్నాను. పన్ను వసూలు చేసే విభాగం వేరు, ఇంటికి పర్మిషన్ ఇచ్చే నగర్ రచనా (టౌన్ ప్లానింగ్) విభాగం వేరు. నేల మీద ఇల్లు కనిపిస్తే మొదటివాళ్లు పన్ను వేస్తారు, అంతే. ఆ ఇల్లు ఎవరిని అడిగి కట్టారన్నది వాళ్ల పని కాదు. మహారాష్ట్ర మహానగరపాలికల చట్టంలో 267ఎ అని ఒక సెక్షన్ ఉంది. పర్మిషన్ లేకుండా కట్టిన ఇంటికి మామూలు పన్ను మీద 'శాస్తి' అని జుర్మానా కూడా వేయొచ్చు. అది కట్టినంత మాత్రాన కట్టడం రెగ్యులర్ అయినట్టు కాదని ఆ సెక్షన్‌లోనే ఉంది. అంటే ఇల్లు అక్రమమని చెప్పి మరీ డబ్బు తీసుకుంటారు. మనవాళ్లు ఆ పావతికే లామినేషన్ చేయిస్తారు!

కావాల్సిన కాగితం భోగవటా ప్రమాణపత్రం. అందరూ ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) అంటారు. ఇల్లు పూర్తయ్యాక, మంజూరైన నక్షా ప్రకారమే కట్టారని చూసి ఇచ్చేది. అపార్ట్‌మెంట్లకే అనుకుంటారు గానీ సొంత ఇంటికీ కావాలి. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత పట్టు ఇంకా బిగిసింది. కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇచ్చేముందు ఈ పత్రం చూడాలి, బ్యాంకులు కూడా ఇది చూశాకే ఇల్లు తనఖా పెట్టుకుని లోన్ ఇవ్వాలి అని కోర్టు చెప్పింది.

ఇతరులకు చెప్తున్నాను గానీ మా ఇంట్లో జరిగింది కూడా ఇదే. మా బాపు బొగ్గు గనిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. పావతులన్నీ ట్రంకుపెట్టెలో దాచేవాడు. నగర్‌పాలిక కాలం నాటివి ఒక కట్ట, 2011లో కార్పొరేషన్ అయ్యాక వచ్చినవి ఇంకో కట్ట. చెల్లి పెళ్లికి ఇంటి మీద లోన్ అడిగితే బ్యాంకు మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. బాపు రెండు కట్టలూ ముందు పెట్టాడు. బ్యాంకాయన వాటిని ముట్టుకోలేదు. "నక్షా చూపించండి, ఓసీ చూపించండి" అన్నాడు. నక్షా ఉంది. ఓసీ అంతవరకు ఎవరూ అడగలేదు, మేమూ తీసుకోలేదు. పైగా నక్షాలో లేకుండా మేడ మీద కొంత పెంచుకున్నాం, వెనక సందులో గది ఒకటి వేసుకున్నాం. నేను అప్పటికే ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, ఆ సిగ్గు వేరే. మేడ మీద పెంచిన భాగం నియమాల్లోకి వచ్చింది కాబట్టి ఫీజు కట్టి మంజూరు చేయించాం. సందులో గది మాత్రం కూలగొట్టాల్సి వచ్చింది. కూలీలు గోడ పడగొడుతుంటే బాపు బయటికి రాలేదు. పెళ్లికి చివరికి చేబదుళ్లే దిక్కయ్యాయి.

ఇంకో పుకారు వాట్సాప్‌ది: "1,500 చదరపు అడుగుల దాకా పర్మిషనే అక్కర్లేదట." ఇది సగం నిజం, అందుకే ప్రమాదం. 2020 చివర్లో మహారాష్ట్రలో వచ్చిన ఇళ్ల నిర్మాణ నియమావళిలో 150 చదరపు మీటర్ల లోపు ప్లాట్లకు విడిగా మంజూరు కోసం తిరగాల్సిన పని తీసేశారు. కానీ లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకంతో నక్షా ఇవ్వాలి, ఫీజు కట్టాలి. ఆ రసీదే పర్మిషన్. ఇక్కడ మాత్రం రసీదుకు విలువ ఉంది, తీరా చూస్తే అదే ఎవరూ తీసుకోరు.

గుంఠేవారీ ప్లాట్లకు, అంటే లేఅవుట్ మంజూరు లేకుండా భూమిని గుంటల లెక్కన ముక్కలు చేసి అమ్మినవాటికి, ఇప్పుడు అన్నీ మాఫీ అన్నది కూడా తప్పే. 2020 డిసెంబర్ 31 లోపు ఉన్నవాటికే, అదీ అర్జీ పెట్టి ఫీజు కడితేనే. నది బ్లూ లైన్ (వరద హద్దుగా గీసిన గీత) లోపల ఇల్లు కడితే ఏ పైరవీ పనిచేయదు. మా ఊరి ఇరయీ నది వరద చూసినవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు.

నోటీసు వచ్చిందని రాత్రంతా నిద్రపోకుండా పొద్దున్నే నా గేటు దగ్గర నిలబడేవాళ్లుంటారు. టెన్షన్ పడకండి అక్కా, రేపే జేసీబీ రాదు. కనీసం 15 రోజుల గడువు ఇచ్చి, మీ మాట విన్నాకే ఏదైనా చేయాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు మీద, చెరువులో, నదిలో కట్టినవాటికి ఈ రక్షణ లేదు. నోటీసులో ఇచ్చిన గడువు లోపలే ఇంటిని ఉంచుకోవడానికి ఎంఆర్‌టీపీ (మహారాష్ట్ర ప్రాంతీయ, నగర ప్రణాళికా) చట్టం కింద అర్జీ పెట్టుకోవచ్చు. దాని మీద నిర్ణయం వచ్చేదాకా నోటీసు ఆగుతుంది. భయంతో నోటీసును పరుపు కింద దాచి, గడువు దాటాక తెస్తే నేను చేయగలిగింది తక్కువ.

30 ఏళ్లు దాటిన ఇల్లయితే కార్పొరేషన్‌లో నమోదైన స్ట్రక్చరల్ ఇంజినీరుతో చూపించి సర్టిఫికెట్ తీసుకోవాలి, అది యజమాని బాధ్యతే. మన నల్లరేగడి నేల ఎండాకాలం బీటలు తీసి వానాకాలం ఉబ్బుతుంది, గోడ మూలల్లో ఏటవాలు పగుళ్లు కనిపిస్తే 30 ఏళ్ల దాకా ఆగకండి.