టీవీ పిక్చర్ సెట్టింగులు: కడప ఇళ్లలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కడపలో టీవీలు బిగించడం, బాగుచేయడం నా పని. బిగించడం అయిపోయాక పిక్చర్ మెనూ తెరవగానే ఎక్కువమంది అనే మాట ఒకటే: "అన్నీ వందకు పెట్టన్నా." కష్టపడి కూడబెట్టిన డబ్బుతో కొన్న టీవీలో బొమ్మ అట్లా పాడవుతుంటే చూడలేక ఇది రాస్తున్నా.

అపోహ: షోరూములో మెరిసినట్టు మెరిస్తేనే మంచి బొమ్మ.

షోరూములో పక్కపక్కనే బోలెడు టీవీలు, నెత్తిన లైట్ల వెలుగు. వాటి మధ్య కంట్లో పడాలని వివిడ్, డైనమిక్ లాంటి మోడ్‌లు పెడతారు. వాటిలో రంగులు ముదురు, తెలుపు నీలం వైపు తిరిగి ఉంటుంది. ఇంట్లో అదే మోడ్‌లో పెళ్లి వీడియో వేసి చూడండి. ప్రొద్దుటూరులో ఏరి ఏరి కొన్న హారంలో పనితనం కనబడదు, అంతా ఒకే పసుపు. ఎర్ర పట్టుచీర మడతలు కూడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

సినిమా మోడ్ పెట్టండి, లేదంటే సినిమా తీసినవాళ్లు అనుకున్నట్టే బొమ్మ చూపడానికి 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ మీ టీవీలో ఉంటే అది. కలర్ టెంపరేచర్, అంటే తెలుపు నీలం వైపు ఉండాలా పసుపు వైపు ఉండాలా అనే సెట్టింగు, వార్మ్‌లో ఉంచండి. వీడియోలు తయారుచేసేచోట తెలుపుకు ప్రమాణం డి65, అంటే దాదాపు 6500 కెల్విన్. వార్మ్ దానికి దగ్గరగా ఉంటుంది. మార్చగానే "ఏందన్నా, టీవీకి కామెర్లు వచ్చినట్టుందే" అంటారు. నీలానికి అలవాటుపడిన కంటికి మొదట అట్లే ఉంటుంది. నాలుగు రోజులు ఓపిక పట్టి, తర్వాత పాత మోడ్ పెట్టి చూడండి. మొహాలు ఎంత పాలిపోయి ఉండేవో మీకే తెలుస్తుంది.

అపోహ: బ్రైట్‌నెస్ పెంచితే వెలుగు పెరుగుతుంది.

చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ సరిచేసేది నలుపును. వెలుగు పెంచేది బ్యాక్‌లైట్, అంటే తెర వెనక వెలిగే లైటు. కంప్యూటర్ మానిటర్లలోనూ కొన్ని కొత్త టీవీల్లోనూ మాత్రం బ్రైట్‌నెస్ అంటే బ్యాక్‌లైటే, నలుపుకు బ్లాక్ లెవెల్ అని వేరే ఉంటుంది. పేరు నమ్మకుండా పరీక్ష చేసుకోండి. పైనా కిందా నల్ల పట్టీలుండే సినిమాలో రాత్రి సీను ఆపి, బ్రైట్‌నెస్ పెంచండి. పట్టీలు బూడిద రంగుకు తిరిగితే అది నలుపుదే. అవి మళ్లీ నల్లబడేదాకా తగ్గించండి. జుట్టులో పాయలు కనబడకుండా పోతే ఎక్కువ తగ్గించినట్టు, ఒకటి రెండు పాయింట్లు వెనక్కి రండి.

కాంట్రాస్ట్‌ది తెలుపు పని. ఎండలో తెల్లపంచె కట్టుకున్న మనిషి కనబడే సీను ఆపి కాంట్రాస్ట్ పెంచుతూ పోండి. ఒకచోట మడతలన్నీ మాయమై పంచె ఒట్టి తెల్లకాగితంలా మిగులుతుంది. మడతలు తిరిగొచ్చేదాకా తగ్గించి అక్కడ ఆపండి.

ఇక బ్యాక్‌లైట్. తలుపులు తెరిచి ఉండే హాల్లో పగలు పెంచక తప్పదు, రాత్రికి తగ్గించండి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊర్లో ఎప్పుడూ వందలోనే నడిపితే లోపలి ఎల్‌ఈడీ పట్టీలు వేడికి తొందరగా దెబ్బతింటాయి. మాట వినబడుతూ బొమ్మ రాని టీవీ విప్పితే చాలాసార్లు పోయి ఉండేది ఆ పట్టీలే.

అపోహ: షార్ప్‌నెస్ ఎంత ఎక్కువైతే అంత స్పష్టం.

వార్తల ఛానెల్లో కింద పరుగెత్తే అక్షరాలను దగ్గరికెళ్లి చూడండి. తలకట్ల చుట్టూ తెల్ల అంచు కనబడుతుందా? అది షార్ప్‌నెస్ గీసిన గీత, ఛానెల్ పంపింది కాదు. ఆ అంచు పోయేదాకా తగ్గించండి. కొన్ని కంపెనీల టీవీల్లో సున్నా దగ్గర పోతుంది, కొన్నింట్లో సగం దగ్గరే.

అపోహ: ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్‌తో రంగులు బాగుంటాయి.

ఉండవు. కేబుల్ సరిపోకపోతే బొమ్మ మీద చుక్కలు మెరుస్తాయి, ఆగి ఆగి వస్తుంది, లేదా అసలే రాదు. ల్యాప్‌టాప్ పెట్టినప్పుడు నలుపు తెల్లబారితే కేబుల్ మార్చకండి. నలుపు నుంచి తెలుపు దాకా అంకెల్లో చెప్తే, ల్యాప్‌టాప్ 16 నుంచి 235 దాకా పంపుతుంటే టీవీ 0 నుంచి 255 అనుకుంటోంది. ల్యాప్‌టాప్‌లోనూ టీవీలోనూ ఈ అంకెల రేంజ్ ఒకటే ఎంచుకుంటే సరిపోతుంది.

అపోహ: ఒక్కసారి సరిచేస్తే అన్నిటికీ అదే.

నాకు మళ్లీ ఫోన్లు వచ్చేది ఎక్కువగా దీనికే. సెట్ టాప్ బాక్స్‌కు సరిచేసి ఉంటాం, యాప్‌లో సినిమా పెడితే పాత వివిడ్ మోడే ఉంటుంది. చాలా టీవీలు ఒక్కో ఇన్‌పుట్‌కు విడిగా గుర్తుపెట్టుకుంటాయి. మెనూలో అన్ని ఇన్‌పుట్లకూ వర్తింపజేసే ఆప్షన్ ఉంటే అది నొక్కండి. హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల తేడా మరింత ఎక్కువగా చూపేలా తయారైన సినిమాలకు మోడ్ మళ్లీ వేరు. సినిమా మొదలయ్యాక, అది ఆడుతుండగానే మెనూ తెరిచి మార్చాలి.