ద్రవ్యవేగ నిత్యత్వం లెక్కలు: అపోహలు - వాస్తవాలు

ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తుంటాను. ద్రవ్యవేగ (ద్రవ్యరాశి × వేగం) నిత్యత్వం అధ్యాయంలో లెక్క తప్పే పిల్లల్లో చాలామందికి, బయటి బలం లేనప్పుడు వ్యవస్థ (కలిపి చూసే వస్తువుల) మొత్తం ద్రవ్యవేగం మారదన్న సూత్రం కంఠస్థమే. దాన్ని ఏ వ్యవస్థకు, ఏ క్షణం నుంచి ఏ క్షణం వరకు వాడుతున్నామో తేల్చుకోకుండా కలం కదుపుతారు. చిక్కంతా అక్కడే.

అపోహ: శక్తి నిత్యం కాబట్టి అభిఘాతానికి (వస్తువులు ఢీకొనడానికి) ముందు, తర్వాత గతిజశక్తులు (కదలిక వల్ల ఉండే శక్తులు) సమానం.

వాస్తవం: నిత్యంగా ఉండేది మొత్తం శక్తి, గతిజశక్తి కాదు. 10 గ్రాముల తూటా సెకనుకు 400 మీటర్ల వేగంతో వచ్చి, తాళ్లకు వేలాడుతున్న 1.99 కిలోల చెక్కదిమ్మెలో దిగబడిందనుకుందాం. దిమ్మె ఎంత ఎత్తుకు లేస్తుంది? తూటాకున్న 800 జౌల్‌లనూ నేరుగా స్థితిజశక్తిగా (ఎత్తు వల్ల ఉండే శక్తిగా) మార్చేస్తే, గురుత్వ త్వరణం 10 అనుకున్నప్పుడు, 40 మీటర్లు వస్తుంది. పదమూడు అంతస్తుల మేడంత ఎత్తు! ఈ జవాబు రాసి మారుమాట లేకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయే పిల్లలను చూస్తే బాధేస్తుంది.

దీన్ని రెండు దశలుగా విడదీయాలి. తూటా దిగబడే ఆ లిప్తకాలంలో తాళ్లు ఇంకా నిటారుగానే ఉంటాయి, క్షితిజ సమాంతరంగా బాహ్యబలం లేదు. కాబట్టి ద్రవ్యవేగం నిత్యం: 4 యూనిట్ల ద్రవ్యవేగాన్ని 2 కిలోలతో భాగిస్తే వేగం సెకనుకు 2 మీటర్లు. ఇప్పుడు మిగిలిన గతిజశక్తి 4 జౌల్‌లే. తక్కిన 796 దాదాపు పూర్తిగా చెక్కను చీల్చడానికి, వేడెక్కించడానికి పోయాయి. రెండో దశలో దిమ్మె పైకి ఊగుతుంది. తాళ్ల తన్యత (లాగే బలం), గురుత్వం ద్రవ్యవేగాన్ని మారుస్తాయి కనుక ఆ నియమం ఇక పనికిరాదు. తన్యత చలనదిశకు లంబంగా ఉండి పని చేయదు కనుక శక్తి నియమం ఇక్కడ అక్కరకొస్తుంది. ఎత్తు 20 సెంటీమీటర్లు. ఇంగ్లండు గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ 1742లో తూటా వేగం కనుక్కునేందుకు వివరించిన లోలకం ఈ సూత్రం మీదే పనిచేసింది.

అపోహ: బంతి గోడకు తగిలి అదే వేగంతో వెనక్కి వస్తే ద్రవ్యవేగంలో మార్పు సున్నా.

వాస్తవం: ద్రవ్యవేగం సదిశ, అంటే పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశి. 0.2 కిలోల బంతి సెకనుకు 10 మీటర్లతో వెళ్లి అంతే వేగంతో తిరిగొస్తే +2 కాస్తా −2 అయింది. మార్పు పరిమాణం 4. ధన దిశ ఏదో ముందే బాణం గీసి పెట్టుకోండి.

అపోహ: గురుత్వం ఉన్నచోట ఈ నియమం చెల్లదు.

వాస్తవం: దిశల వారీగా చూడాలి. నున్నటి నేల మీద సెకనుకు 4 మీటర్లతో కదిలే 3 కిలోల బండిలో కిలో ఇసుక సంచి నిలువుగా పడితే, నిలువు దిశలో ద్రవ్యవేగం నిలవదు, అడ్డంగా నిలుస్తుంది. వేగం 3 మీటర్లకు తగ్గుతుంది.

అపోహ: రాకెట్ గాలిని వెనక్కి నెట్టి కదులుతుంది.

వాస్తవం: అది నెట్టేది తన ఇంధనం మండగా వచ్చిన వాయువులనే. రాకెట్‌ను ఒక్కదాన్నే చూస్తే ద్రవ్యవేగం పెరుగుతుంది. వాయువులనూ వ్యవస్థలో కలిపితే, బయటి బలాలు లేనంతవరకు మొత్తం మారదు. శూన్యంలో రాకెట్ పనిచేయదన్నట్టు 1920లో అమెరికా రాకెట్ శాస్త్రవేత్త గొడార్డ్‌ను ఎగతాళి చేసిన న్యూయార్క్ టైమ్స్, 1969 జులై 17న, అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా, తన పొరపాటును సవరించుకుంది.