ఎలుకల షుగర్, నానమ్మ మాత్రలు

ఉదయగిరి,
నెల్లూరు జిల్లా.

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

పొడపత్రి మొక్క నుంచి తీసిన పదార్థంతో ఎలుకలకు షుగర్ తగ్గిందని వార్తలో వచ్చిందట కదా, నానమ్మ ఇక మాత్రలు మానేయవచ్చా అని అడిగారు. ఫోనులో ఒక్క మాటతో తేల్చేది కాదు, అందుకే రాస్తున్నాను.

ఇలాంటి ప్రయోగాల్లో చాలావరకు ఆరోగ్యంగా ఉన్న ఎలుకకే షుగర్ తెప్పిస్తారు. అందుకు స్ట్రెప్టోజోటోసిన్ అనే మందును సూదితో ఇస్తారు. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిందది. దాని అణువులో గ్లూకోజ్ భాగం ఉంటుంది కాబట్టి క్లోమంలోని బీటా కణాలు దాన్ని లోపలికి రానిచ్చి, దెబ్బతిని చస్తాయి. రక్తంలో చక్కెరను తగ్గించే ఇన్సులిన్ తయారుచేసేవి ఆ కణాలే. చస్తున్నప్పుడు వాటిలోని ఇన్సులిన్ ఒక్కసారిగా బయటపడి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే మొదటిరోజు ఎలుకలకు గ్లూకోజ్ నీళ్లు పెడతారు. తర్వాత అవి విపరీతంగా నీళ్లు తాగుతాయి, చిక్కిపోతాయి. తోక కొన నుంచి రక్తపు చుక్క తీసి చూసి, పరగడుపున 250 దాటినవాటినే చాలామంది ప్రయోగానికి తీసుకుంటారు.

అప్పుడు గుంపులు చేస్తారు. షుగర్ లేనివి, షుగర్ ఉండి మందేమీ ఇవ్వనివి, మొక్క పదార్థం తక్కువ మోతాదులో, ఎక్కువ మోతాదులో తీసుకునేవి, గ్లిబెన్‌క్లమైడ్ వంటి తెలిసిన షుగర్ మందు తీసుకునేవి. మందు ఇవ్వని గుంపు మీద నాకు చాలా జాలి. కానీ అది లేకపోతే ప్రయోగమే లేదు. దెబ్బ మరీ తీవ్రంగా లేకపోతే కొన్ని కణాలు వాటంతట అవే కోలుకుంటాయి. ఆ మేలు మొక్కదో, కాలానిదో చెప్పగలిగేది ఆ గుంపే. చివరికి అన్ని గుంపుల ఎలుకలనూ చంపి క్లోమం, కాలేయం పరీక్షిస్తారు. అందుకే జంతు ప్రయోగాలను పరిశీలించే నైతిక సంఘం అనుమతి లేనిదే ఒక్క ఎలుకను కూడా ముట్టకూడదు. ఎన్ని ఎలుకలు కావాలో ముందే లెక్క చెప్పాలి. నిర్లక్ష్యంగా చేసిన ప్రయోగం వాటి ప్రాణాలను వృథా చేయడమే.

ఇప్పుడు నానమ్మ సంగతి. ఆమెది టైప్ 2. క్లోమం ఇన్సులిన్ ఇస్తున్నా ఒంట్లో అది సరిగా పనిచేయదు. బీటా కణాలు చచ్చిన ఎలుకది దాదాపు టైప్ 1 జబ్బు. టైప్ 2కు దగ్గరగా రావాలంటే ముందు కొవ్వు తిండి పెట్టి, స్ట్రెప్టోజోటోసిన్ తక్కువగా ఇస్తారు. వార్తలో ఏ పద్ధతో చెప్పారా? మోతాదు చూశారా? ఎలుకకు కిలోకు 200 మిల్లీగ్రాములంటే, శరీర ఉపరితలం లెక్కన మనిషికి కిలోకు సుమారు 32. అరవై కిలోల మనిషికి రోజుకు దాదాపు 2 గ్రాముల శుద్ధ పదార్థం. గుప్పెడు ఆకులో అంత ఉందని ఎవరూ అనుకోకూడదు.

పొడపత్రి నమిలితే చక్కెర ఇసుకలా అనిపిస్తుంది, నిజమే. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను కాసేపు అడ్డుకుంటాయి. నాలుకకు తీపి తెలియకపోవడం, రక్తంలో చక్కెర తగ్గడం వేరువేరు.

మొక్కలంటే నాకు చిన్నచూపు లేదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ పుట్టుకకు దారి చూపింది ఐరోపాలోని ఒక మొక్కలో ఉండే గెలెగిన్ అనే పదార్థం. అయితే 1957లో ఫ్రాన్స్‌లో జీన్ స్టెర్న్ మనుషుల మీద ఫలితాలు ప్రకటించాకే మెట్‌ఫార్మిన్ షుగర్ మందుగా నిలబడింది.

కాబట్టి నానమ్మ మాత్రలు ఆపవద్దు. మాత్రలతో పాటు పొడపత్రి కూడా మొదలుపెడితే చక్కెర మరీ పడిపోయి చెమటలు పట్టవచ్చు, కళ్లు తిరగవచ్చు. తినాలని ఉంటే ముందు డాక్టరుకు చెప్పమనండి.

మీ తాతయ్య