చెరువు శిఖంలో తీతువుల లెక్క

మార్చి దాటిందంటే మా సిద్దిపేట వైపు చెరువుల్లో నీళ్లు తూము దగ్గరికి జరుగుతాయి. మిగతా శిఖమంతా, అంటే నీళ్లు నిలిచే చెరువు లోపలి నేలంతా, ఎండి నెర్రెలు విచ్చుతుంది. కట్ట మీద నిలబడి చూస్తే అక్కడ ఏమీ లేదనే అనిపిస్తుంది. నాలుగు తుమ్మచెట్లు, ఎండిన తుంగ, దూరంగా ఒక గొర్రెల మంద, అంతే. తెల్లవారుజామున కట్ట దిగి నాలుగడుగులు వేస్తే మాత్రం నెత్తిమీద గోల మొదలవుతుంది. నల్లటి గొంతు, కంటి ముందు ఎర్రటి తోలు, పొడుగాటి పసుపు కాళ్లు. అదే తీతువు పిట్ట.

చిన్నప్పుడు రాత్రిపూట ఈ అరుపు వినబడితే మా నాయనమ్మ రామ రామ అనుకుంటూ తలుపు గడియ వేసేది. తీతువు కూస్తే చావు కబురు వస్తుందన్న భయం ఇప్పటికీ ఎన్నో ఊళ్లలో ఉంది. పాపం, ఆ పిట్ట ఎవరి చావునూ పిలవదు. దాని గుడ్లు వట్టి నేలమీద ఉంటాయి. చీకట్లో కుక్కో, నక్కో, మనిషో అటు నడిస్తే అది ఊరుకోలేదు. అపశకునం అనుకున్న ఆ అరుపునే నేను ఇప్పుడు ఎండాకాలమంతా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎన్ని పక్షులు, ఎంత దగ్గరికి వచ్చి అరిచాయి. గూడు దగ్గరలో ఉందని ముందుగా చెప్పేది ఆ అరుపే.

తీతువు ఎక్కడ పడితే అక్కడ కనబడుతుంది కదా, దాన్ని లెక్కపెట్టడం దేనికి అని చాలామంది అడుగుతారు. నిజమే, అంతర్జాతీయ జాబితాల్లో దానికిప్పుడు ముప్పేమీ లేదు. అయితే నేలమీద గుడ్లు పెట్టే ఈ జాతుల్లో ఎదిగిన పక్షులు ఏళ్ల తరబడి బతుకుతాయి. పిల్లలు ఒక్కటీ దక్కకపోయినా తల్లిదండ్రులు మాత్రం ఏటా అదే చోట కనబడుతూ ఉంటాయి. చూసినవాళ్లు అంతా బాగానే ఉందనుకుంటారు. బ్రిటన్‌లో కర్లూ విషయంలో ఇదే జరిగింది. వంపు తిరిగిన పొడుగు ముక్కు పక్షి అది, ముప్పై ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి. అక్కడ గూళ్లు పెట్టే కర్లూలు 1990ల మధ్య నుంచి దాదాపు సగానికి పడిపోయాయి. కారణం వెతికితే, పెద్ద పక్షులు ఎక్కువగా చనిపోవడం కాదు, పిల్లలు ఎగిరే వయసు దాకా బతకకపోవడమే ముఖ్యమని తేలింది. సంఖ్య నిలబడాలంటే రెండు జతలకు కలిపి ఏటా కనీసం ఒక్క పిల్లయినా రెక్కలు తొడగాలి. ఆ ఒక్కటీ దక్కలేదు. 2015లో ఆ పక్షిని అక్కడి ఎర్ర జాబితాలో, అంటే అందరికంటే ముందు కాపాడుకోవాల్సిన పక్షుల జాబితాలో, చేర్చారు.

అందుకే పక్షిని చూశాం అని రాసుకుంటే చాలదు. అది పిల్లల్ని పెంచగలిగిందా లేదా చూడాలి. అంటే ఎండల్లోనే తిరగాలి.

జతల్ని లెక్కపెట్టడం కొంత తేలిక. బ్రిటన్‌లో పొలాల్లో చేసే సర్వేలకు ఒక పద్ధతి ఉంది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ దాకా, కనీసం వారం ఎడంతో మూడుసార్లు, ప్రతి మడినీ నడిచి చూస్తారు. అక్కడి తీతువు జాతికైతే కనబడిన పక్షుల సంఖ్యను సగం చేసి జతలుగా తీసుకుంటారు. మన దగ్గర వానలు పడి చెరువు నిండేలోపు పని పూర్తి కావాలి కాబట్టి నేను మార్చిలోనే మొదలుపెడతాను. నేను ఇంతసేపూ చెబుతున్న ఎర్ర తీతువు నీటికి దగ్గరగా ఉంటుంది. దాని చుట్టం పసుపు తీతువు ఇంకా ఎండిన గట్టు నేలల్ని ఇష్టపడుతుంది. ఎర్రకాళ్ల ఉల్లంకులైతే నీళ్ల మధ్య బురద దిబ్బల మీదే గుడ్లు పెడతాయి.

గూడు వెతకడం వేరే పని. నడుస్తూ వెతికితే దొరకదు. కట్ట మీద చెట్టు నీడలో బైనాక్యులర్స్‌తో కూర్చోవాలి. లేచిపోయిన పక్షి కాసేపటికి దిగుతుంది. తిన్నగా గూటికి పోదు. పది అడుగులు నడిచి ఆగుతుంది, అబద్ధంగా నేలను పొడుస్తుంది, మళ్లీ పక్కకు పోతుంది. నా ఓపిక అయిపోతున్న సమయానికి ఒకచోట ఆగి, తల వంచి కిందికి చూసి, పొట్ట ఈకలు విప్పి, కొంచెం అటూ ఇటూ కదిలి కూర్చుంటుంది. ఆ కదలికే గుర్తు. వెంటనే దాని వెనక ఉన్న తుమ్మచెట్టునూ, ఆ వెనక కనబడే తూము గోడనూ ఒక గీతలో గుర్తుపెట్టుకుంటాను.

అంత చూసుకుని వెళ్లినా గుడ్లు కాలికింద పడేదాకా కనబడవు. గూడంటే చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, ఎండిన మేకపెంటికలు. సాధారణంగా 4 గుడ్లు, సన్నటి కొనలన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. అలా ఉంటేనే ఒక్క పక్షి పొట్టకింద నాలుగూ సర్దుకుంటాయి. మట్టిరంగు మీద నల్లటి మరకలు, అచ్చం పక్కనున్న రాళ్లలాగే.

పొదగడం అంటే వేడి ఇవ్వడం అనుకుంటాం. ఏప్రిల్ మధ్యాహ్నం జరిగేది దానికి తలకిందులు. గుడ్డులోని పిండానికి 37 డిగ్రీల దరిదాపుల్లో బాగుంటుంది, 40 దాటి కొంతసేపు ఉంటే ప్రాణం పోతుంది. ఎండకు కాగిన శిఖం నేల అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. అందుకని తల్లి గానీ తండ్రి గానీ గుడ్ల మీద నీడగా నిలబడుతుంది. ఒకరోజు ఒక తీతువు నీళ్ల అంచుకు పోయి ముందుకూ వెనక్కూ ఊగుతూ పొట్ట ఈకలు తడుపుకోవడం చూశాను. నీళ్లు కారుతుండగానే పరుగున వచ్చి గుడ్ల మీద కూర్చుంది. మనిషి గూటి దగ్గర అయిదు నిమిషాలు నిలబడ్డాడంటే ఈ చల్లదనం ఆగిపోయినట్టే. ఎండ ఎక్కాక నేను శిఖంలోకి దిగను.

మొదటి ఏడు ఈ జాగ్రత్తలు నాకు తెలియవు. ఒక గూటి పక్కన గుర్తుకోసం చిన్న పుల్ల పాతి, కొసకు ఎర్రగుడ్డ కట్టాను. రెండో రోజు వెళితే గుంట ఖాళీ. కాకులు ఆ గుడ్డను చూశాయో, పిల్లలు చూశారో తెలియదు, చూపించింది మాత్రం నేనే. ఆ గుంట ఇప్పటికీ నా కళ్లముందు ఉంటుంది. అప్పటినుంచి గూటి దాకా పోయి వెనక్కి తిరగను, దాని పక్కగా ఆగకుండా నడిచి అవతలికి పోతాను. కాకి కనుచూపుమేరలో ఉంటే అసలు వెళ్లను. గూడు ఫోటో ఏ గ్రూపులోనూ పెట్టను. గుడ్లు ముట్టుకోవడం చట్టం కూడా ఒప్పుకోదు. గుడ్డును నీళ్లలో పెట్టి, అది మునిగే తీరునుబట్టి వయసు చెప్పే పద్ధతి ఒకటి ఉంది గానీ అది అనుమతి ఉన్న శాస్త్రవేత్తల పని.

గూళ్ల లెక్కలో ఒక మోసం ఉంది. 10 గూళ్లు చూశాం, 5 గూళ్లలో పిల్లలు బయటికొచ్చాయి, అంటే సగం గెలిచాయి అనుకుంటాం. కానీ పెట్టిన రెండోరోజే కుక్క తినేసిన గూడు మన కంటపడదు. మనకు దొరికేవన్నీ అప్పటికి ఎంతో కొంత బతికినవే. 1961లో హెరాల్డ్ మేఫీల్డ్ అనే అమెరికన్ దీనికి ఒక ఉపాయం రాశాడు. గూళ్లను కాదు, ఒక్కో గూటిని మనం గమనించిన రోజుల్ని కూడాలి. ఆ 10 గూళ్లను కలిపి 125 రోజులు చూశాం, 5 పోయాయి అనుకుందాం. 5ను 125తో భాగిస్తే రోజుకు 4 శాతం నష్టం, అంటే 96 శాతం బతుకు. తీతువు గుడ్లు పొదగడానికి దాదాపు 28 రోజులు పడుతుంది. 0.96ను 28సార్లు హెచ్చిస్తే వచ్చేది 0.32. సగం కాదు, మూడోవంతు కూడా సరిగ్గా లేదు. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎండాకాలం పూడికతీత కాలం కూడా. చెరువు ఎండితేనే జేసీబీ దిగుతుంది, తీతువు గుడ్లు పెట్టేదీ అప్పుడే. పూడిక తీయొద్దని నేను అనను, ఆ ఒండ్రుమట్టి పొలాలకు కావాలి, చెరువులో నీళ్లు నిలవాలి. గూళ్లున్న జాగాలు ముందే తెలిస్తే ఆ నాలుగు గజాలు మూడు వారాలు ఆగి తవ్వొచ్చు. పోయిన ఏప్రిల్‌లో ఒక గూడు నాకు ఎంతకీ దొరకలేదు. గొర్లు కాసే తాత నన్ను పొద్దుటినుంచీ చూస్తున్నాడు.

"గా తుమ్మకాడ కాదు బిడ్డా, ఇవుతల. గొర్లు మీదికి వస్తే రెక్కలు ఇప్పుకొని నిలవడ్తది. నేనే మందను అటు మల్పుతున్న."

"ఎన్ని రోజులైంది తాతా?"

"అమాస కంటె ముందటిసంది."

ట్రాక్టర్లు వచ్చిన రోజు ఆ తాతే డ్రైవర్‌తో మాట్లాడాడు. చుట్టూ తవ్వి, మధ్యలో మంచమంత గడ్డను వదిలేశారు.

గుడ్లు పగిలిన కొన్ని గంటలకే పిల్లలు గూడు వదిలి నడుస్తాయి. తల్లి అరవగానే నేలకు అతుక్కుని రాయిలా ఉండిపోతాయి కాబట్టి వాటిని లెక్కపెట్టడం గుడ్లకంటే కష్టం. మే నెలలో ఒక పొద్దున ఆ గడ్డకు కొంచెం దూరంలో తీతువు వంగి నిలబడి ఉంది. బైనాక్యులర్స్‌లో చూస్తే దాని పొట్టకింద ఆరు కాళ్లు. రెండు పొడుగువి, నాలుగు పొట్టివి. నేను కదలలేదు. నోట్‌బుక్ తీసి తారీఖు వేసి, పిల్లలు 2 అని రాశాను.