ప్యాచ్ తయారై ఉంది, మనకు మాత్రం అందదు: విండోస్ 10 గొడవ వెనక 2017

విండోస్ 10కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవాళ్లకు ఇచ్చిన అదనపు ఏడాది కూడా 2026 అక్టోబర్ 13 వరకే. దాంతో పాత గొడవ మళ్లీ లేచింది. శుభ్రంగా పనిచేస్తున్న సిస్టమ్‌కి రక్షణ ఆపేస్తే ఎలా అని వాడేవాళ్లు, ఎన్నేళ్లని ఇస్తాం అని కంపెనీ. విండోస్ 11కి ఏ చిప్ కావాలి, ఏ ప్రాసెసర్ కావాలి అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. నా దృష్టిలో ఈ గొడవంతా 2017 ఫిబ్రవరిలో ఉంది.

విండోస్‌లో ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి ఎస్ఎంబీ అనే పాత పద్ధతి ఉంది. అందులో ఒక పెద్ద లోపం ఉందని అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏకి ఏళ్ల క్రితమే తెలుసు, తెలిసీ తన పనులకు వాడుకుంది తప్ప మైక్రోసాఫ్ట్‌కి చెప్పలేదు. చివరికి విషయం చేరాక మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ విడుదల చేసింది, కానీ అప్పటికి సపోర్ట్ ఉన్న విండోస్‌లకు మాత్రమే. పాత విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తోనే అయిపోయింది కాబట్టి దానికి రాలేదు.

రాలేదు అంటే తయారు చేయలేదని కాదు. ఎక్స్‌పీ ప్యాచ్ మీదున్న డిజిటల్ సంతకం తేదీ 2017 ఫిబ్రవరి అని తర్వాత బయటపడింది. అంటే ఆ లోపం మీద మేలో పెద్ద దాడి జరగడానికి మూడు నెలల ముందే మందు సిద్ధం. అది ప్రత్యేక సపోర్ట్‌కి డబ్బు కట్టేవాళ్ల కోసం. బ్రిటన్ ప్రభుత్వం 2014లో ఇలాంటి సపోర్ట్‌కే ఒక్క ఏడాదికి 55 లక్షల పౌండ్లు కట్టి, మరుసటి ఏడాది మానుకుంది.

ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే ముఠా ఎన్ఎస్ఏ దగ్గర్నుంచి కాజేసిన ఆ దాడి సాధనాన్ని అందరికీ అందేలా బయట పెట్టేసింది. మే 12న దాన్నే వాడుకుని వనాక్రై అనే వైరస్ వచ్చింది. ఫైళ్లన్నీ తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో రద్దయినట్టు లెక్క తేలిన అపాయింట్‌మెంట్‌లే 6,912. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసుల సిస్టమ్‌లు కూడా దెబ్బతిన్నాయి, చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల పేర్లు అప్పటి వార్తల్లో ఉన్నాయి. దాడి మొదలైన ఇరవై నాలుగు గంటల్లోపే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ ప్యాచ్‌ని అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఒక్క రోజులో ఇవ్వగలిగిన దాన్ని అప్పటిదాకా ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్న అక్కడే పుట్టింది, నాకైతే దానికి ఇప్పటికీ సరైన జవాబు కనబడలేదు.

కంపెనీ వాదనలో బలం లేదని కాదు. లోపాలు దాచుకునే ప్రభుత్వాలదీ తప్పేనని ఆ సంస్థ ప్రెసిడెంట్ బ్రాడ్ స్మిత్ అప్పుడే రాశారు. పైగా సెక్యూరిటీ కంపెనీ కాస్పర్‌స్కీ లెక్క ప్రకారం వనాక్రైకి దొరికినవాటిలో దాదాపు 98 శాతం విండోస్ 7 సిస్టమ్‌లు, వాటికి మార్చిలోనే ఉచితంగా ప్యాచ్ వచ్చింది, వేసుకోలేదు అంతే. కానీ ఎందుకు వేసుకోలేదో కూడా చూడాలి. అప్‌డేట్ వేస్తే ఆఫీసు సాఫ్ట్‌వేర్ తెరుచుకోదేమో, ప్రింటర్ ఆగిపోతుందేమో అన్న టెన్షన్ ఉంటుంది, చూసుకునే మనిషి ఉండడు. మన డీటీపీ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో సిస్టమ్ కొన్న రోజే అప్‌డేట్‌లు ఆపేయించుకోవడం మామూలు విషయం. వాళ్లది నిర్లక్ష్యం అని తేల్చేయడం నాకు సరిగ్గా అనిపించదు.

ఆ దెబ్బతో అందరూ కదిలారు. పాత విండోస్‌తో నడుస్తున్న ఏటీఎంలను 2019 జూన్‌కల్లా దశలవారీగా మార్చాలని రిజర్వ్ బ్యాంక్ 2018 జూన్‌లో బ్యాంకులకు గడువు పెట్టింది. మైక్రోసాఫ్ట్ కూడా 2019 మేలో బ్లూకీప్ అనే లోపం బయటపడగానే, దాడి జరగకముందే, సపోర్ట్ అయిపోయి అయిదేళ్లయిన ఎక్స్‌పీకి సైతం ప్యాచ్ ఉచితంగా ఇచ్చింది. ఒకడి పాత సిస్టమ్ పక్కవాడికీ ప్రమాదమే అన్న సంగతి కంపెనీయే ఒప్పుకున్నట్టు లెక్క.

2025కి వచ్చేసరికి మళ్లీ ధరల పట్టిక వచ్చింది. అదనపు ఏడాది కావాలంటే 30 డాలర్లు కట్టాలి, లేదా 1,000 రివార్డ్ పాయింట్లు ఇవ్వాలి, లేదా సెట్టింగ్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో బ్యాకప్ పెట్టాలి. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుబట్టాక అక్కడివాళ్లకు డబ్బు, పాయింట్లు, బ్యాకప్ ఏవీ అక్కర్లేకుండా చేశారు, అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే చాలు. మనకు మాత్రం మొదట పెట్టిన షరతులే ఉన్నాయి.

కంపెనీలకైతే వేరే ధర. మొదటి ఏడాది ఒక్కో సిస్టమ్‌కి 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు, మూడేళ్ల దాకా తీసుకోవచ్చు. అంటే 2028 అక్టోబర్ వరకు విండోస్ 10లో బయటపడే ముఖ్యమైన లోపాలకు ప్యాచ్‌లు తయారవుతూనే ఉంటాయి. ఎక్స్‌పీకి 2017 ఫిబ్రవరిలో తయారైనట్టే.