చప్పుడు మాటలు: అపోహలు – వాస్తవాలు

ఎసరు సలసల కాగుతుంది. అన్నం కుతకుత ఉడుకుతుంది. ఆవాలు చిటపటలాడతాయి. పొయ్యి భగభగ మండుతుంది. వంటింటి వైపు చూడకుండానే అక్కడ ఏ పని ఎంతవరకు వచ్చిందో ఈ నాలుగు మాటలు చెప్పేస్తాయి. నిఘంటువు పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఇలా చప్పుడును అనుకరించే మాటల మీద, అంటే ధ్వన్యనుకరణ పదాల మీద నాకున్నంత ఇష్టం మరే పదాల మీదా లేదు. వాటి గురించి తరచుగా వినే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: చెవికి వినబడింది వినబడినట్టే పలికితే ధ్వన్యనుకరణ పదం అవుతుంది.

వాస్తవం: అదే నిజమైతే లోకంలోని కోళ్ళన్నీ అన్ని భాషల్లోనూ ఒకేలా కూయాలి. మన కోడి కొక్కొరోకో అంటుంది, జర్మన్ల కోడి కికెరికీ, జపాను వారిది కొకెకొక్కో, ఇంగ్లీషు వారిది కాక్-ఎ-డూడుల్-డూ. మన కుక్క భౌభౌ అంటే జపాను కుక్క వన్‌వన్ అంటుంది. ప్రతి భాషా చప్పుడును తన అక్షరాల జల్లెడలో పోసి తీసుకుంటుంది. అయినా ఈ నాలుగు కోడికూతల్లోనూ ‘క’కారం నిలిచే ఉంది, గమనించండి. ఎంపిక భాషదే, కానీ ముడిసరుకు కోడిది.

అపోహ: ఇవన్నీ చప్పుళ్ళకే చెందుతాయి.

వాస్తవం: నక్షత్రం మిలమిల మెరిస్తే ఏ చప్పుడు వినబడింది? తళతళ, నిగనిగ, గజగజ, నకనక వీటిలో ఒక్కటీ చెవికి అందేది కాదు. వెలుగునూ, వణుకునూ, ఆకలినీ కూడా మనం చప్పుడు అచ్చులోనే పోస్తాం. జపాను భాషలో ఈ రెండు రకాలకూ వేరువేరు పేర్లున్నాయి: చప్పుడు మాటలు గియోంగో, స్థితిని తెలిపేవి గితైగో. మన బడి వ్యాకరణాల్లో రెంటినీ ఒకే గంపకెత్తడం వల్లే ఈ అపోహ పుట్టిందని నా అభిప్రాయం.

అపోహ: ఇవి పిల్లల మాటలు, వీటికి వ్యాకరణం ఉండదు.

వాస్తవం: నాకు నిజంగా బాధ కలిగించే మాట ఇది. బడిలో నా వ్యాసంలోని ‘గబగబా’ను కొట్టేసి ఒక ఉపాధ్యాయుడు ‘వేగంగా’ అని దిద్దారు. గబగబలో అడుగుల తడబాటు, ఆత్రం ఉన్నాయి. వేగంగాలో అవి లేవు.

ఇక వ్యాకరణం సంగతి. కుర్రవాడు టక్కున జవాబు చెప్పాడంటే జవాబు ఒకటే. టకటకా చెప్పాడంటే ఎన్నో జవాబులు. మెరుపు తళుక్కున మెరుస్తుంది, తోమిన బిందె తళతళా మెరుస్తుంది. మంట భగ్గున లేస్తుంది, తర్వాత భగభగా మండుతుంది. ఒక్కసారి జరిగినదానికి హల్లు ఒత్తుకుని ‘న’ చేరుతుంది. మళ్ళీమళ్ళీ జరిగేదానికి, నిలకడగా ఉండేదానికి మాట రెండుసార్లు వస్తుంది. తళుక్కున, చురుక్కున, పుటుక్కున, కిసుక్కున ఒకే మూసలో పోసినవి. ఈ సూత్రం మనకు ఎవరూ నేర్పలేదు, అయినా తప్పడం అరుదు.

ఇంకో విశేషం చూడండి. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. కానీ ఈ పదాలకు మాత్రం హల్లుతో ఆగే స్వేచ్ఛ ఉంది: ఠంగ్, ధన్, ఛళ్. అచ్చ తెలుగు మాటల్లో సాధారణంగా కనబడని ఫ, ఛ, ఝ వంటి ఒత్తి పలికే అక్షరాలు కూడా ఇక్కడ హాయిగా పలుకుతాయి: ఫెళఫెళ, ఛటఛట, ఝుమ్ము. వాక్యంలోకి వచ్చేటప్పుడు ‘మని’ చేయి పట్టుకుని వస్తాయి: ధన్‌మని పడింది. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని కూడా ఇలాంటి పదాల కోసం ప్రత్యేకంగా సూత్రం రాశాడు. ‘పటపటా కరోతి’ వంటి ప్రయోగాలు దాని కిందికే వస్తాయి. పిల్లల మాటలని ఆయన అనుకోలేదు.

అపోహ: తెలుగు ‘కాకి’, సంస్కృత ‘కాక’ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒకటి రెండోదాని నుంచి వచ్చి తీరాలి.

వాస్తవం: ఆ పక్షి కావుకావుమనే చోటల్లా ఇలాంటి పేరు దానంతట అదే పుట్టవచ్చు. అందుకే అనుకరణ పదాల్లో పోలిక ఒక్కటే చుట్టరికానికి సాక్ష్యం కాదు. ఈ కాకి మీద వాదం చాలా పాతది. ప్రాచీన పండితుడు యాస్కుడు, పదాల పుట్టుకను వివరించే తన నిరుక్తంలో ‘కాక’ చప్పుడును అనుకరించిన మాట అనీ, పక్షుల పేర్లలో ఇది ఎక్కువనీ రాశాడు. అసలు అనుకరణ అన్నదే లేదనీ, తరిమివేయదగినది కాబట్టి కాకం అయిందనీ ఔపమన్యవుడనే మరో పండితుడు అన్నట్టు కూడా అక్కడే చెప్పాడు. నేను యాస్కుడి పక్షం.

చప్పుడు నుంచి పుట్టినా ఇప్పుడు ఆ చప్పుడు వినబడని మాటలూ ఉన్నాయి. ఇంగ్లీషు ‘పిజన్’ లాటిన్ ‘పిపియో’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. పిపియో అంటే కిచకిచలాడే పక్షిపిల్ల. ఇప్పటి మాటలో ఆ కిచకిచ వినబడుతుందా? శతాబ్దాల ఉచ్చారణ మార్పులు అనుకరణను తుడిచేశాయి. మన గురక, కీచురాయి, బుడబుక్కలవాడు మాత్రం పుట్టుక దాచుకోలేదు.

అపోహ: ఈ పద్ధతి తెలుగుకే సొంతం.

వాస్తవం: హిందీలో ఝిల్‌మిల్ ఉంది, తమిళంలో సలసల ఉంది. ఇటువంటి మాటల కూర్పు ద్రావిడ, ఇండో-ఆర్య భాషలు రెంటిలోనూ ఉందని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1969లో ఒక వ్యాసంలో చూపారు. పక్కపక్కన బతికిన భాషలు ఇచ్చిపుచ్చుకున్న సొత్తు ఇది.

అపోహ: ఇవన్నీ పాత మాటలు, కొత్తవి పుట్టవు.

వాస్తవం: మా వీధి పిల్లలు బరువైన మోటారుసైకిలును డుగుడుగు బండి అంటారు. మొన్న అది మా గుమ్మం ముందు ఆగినప్పుడు ఒక పాప ‘డుగ్గున ఆగింది’ అంది. నడిచేటప్పుడు డుగుడుగు, ఆగినప్పుడు డుగ్గున. ఆ మాట చీటీ మీద రాసుకుని తేదీ వేసుకున్నాను.