భీమిలి నల్ల ఇసుకలో జిర్కోనియం

పోటు తగ్గాక భీమిలి తీరంలో నడిస్తే తడి ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. మురికి అనుకుని చాలామంది దాటుకుంటూ పోతారు. ఒక గుప్పెడు తీసి చూడండి, మామూలు ఇసుక కంటే బరువుగా ఉంటుంది. పాలిథిన్ కవర్లో చుట్టిన అయస్కాంతాన్ని దాని మీద తిప్పితే నల్ల రేణువులు కొన్ని లేచి అతుక్కుంటాయి. అతుక్కోకుండా మిగిలిపోయే సన్నని మెరుపు గింజల్లో జిర్కాన్ ఉంటుంది. జిర్కోనియం లోహానికి ముఖ్యమైన ముడిసరుకు అదే.

తూర్పు కనుమల రాళ్లు ఎండకూ వానకూ చితికి, ఏళ్ల తరబడి వాగుల్లో కొట్టుకొచ్చి ఈ ఒడ్డుకు చేరాయి. మామూలు ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త పైగా బరువైతే, జిర్కాన్ నాలుగున్నర రెట్లు దాటుతుంది. చేటలో బియ్యం చెరిగినట్టు, వెనక్కి మళ్లే అల తేలికదాన్ని ఈడ్చుకుపోయి బరువైనదాన్ని వదిలేస్తుంది.

'బంగారు వన్నెది' అనే అర్థమున్న పర్షియన్ మాట నుంచి ఈ పేరు వచ్చిందంటారు. సింహళం నుంచి వచ్చిన జిర్కాన్ రాళ్లలో కొత్త మూలకం ఉందని 1789లో జర్మనీకి చెందిన క్లాప్రోత్ కనిపెట్టాడు. విశాఖ కురుపాం మార్కెట్ నగల షాపుల్లో చూపించే, వజ్రాల్లా మెరిసే సీజెడ్ రాళ్లూ, పళ్ల డాక్టరు తొడిగే జిర్కోనియా క్యాపూ జిర్కోనియం ఆక్సైడే.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది అణు రియాక్టర్లో దీని పాత్ర. యురేనియం ఇంధనాన్ని నింపే గొట్టం వేడికీ నీటికీ తట్టుకోవాలి, పైగా యురేనియాన్ని చీల్చే న్యూట్రాన్లను మింగకూడదు. జిర్కోనియం వాటిని దాదాపు అలాగే పోనిస్తుంది. చిక్కల్లా దాని కవల లాంటి మరో లోహం హాఫ్నియంతోనే. రసాయన గుణాల్లో రెండూ ఎంత ఒకేలా ఉంటాయంటే, ఖనిజంలో నూటికి ఒకటి రెండు పాళ్లుగా కలిసి ఉన్న హాఫ్నియాన్ని 1923 దాకా ఎవరూ పట్టుకోలేకపోయారు. న్యూట్రాన్ల విషయంలో మాత్రం అది జిర్కోనియం కంటే కొన్ని వందల రెట్లు ఆకలిగలది. అందుకే హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో ద్రావకాలతో పదే పదే కడిగి ఈ రెంటినీ విడదీస్తారు. ఆ తర్వాతే, కొద్దిగా తగరం వంటివి కలిపి, అర మిల్లీమీటరు మందం కూడా లేని గొట్టాలుగా సాగదీస్తారు.

వేరుచేసిన హాఫ్నియం కూడా వృథా పోయే సరుకు కాదు. న్యూట్రాన్లను మింగే ఆ గుణం వల్లే, రియాక్టర్ వేగాన్ని అదుపుచేసే కడ్డీలకు కొన్నిచోట్ల దాన్నే వాడతారు.